ముట్టని మంచు

ఇచ్చేవాడూ తిరిగి తీసుకొనేవాడూ ఒక్కడే గనుక, ముందుగా ఆ దేవునికి వందనం.

బెర్న్ రాష్ట్రంలో, బ్రియెంజ్ సరస్సు ఒడ్డున, ఎబ్లీగన్ గ్రామంలో కాపురముంటున్న సలోమె ఫ్లూక్ అనే నేను, కీర్తిశేషులైన చిత్రకారుడు యోహాన్ ఫ్లూక్ గారి పెద్ద కుమార్తెను, అవివాహితను, యాభై ఆరేళ్ళ దానిని, నా సొత్తు గురించి వ్రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. ఒళ్ళు బాగాలేదు. డాక్టరు గారు వసంతం మాట ఎత్తడం మానేశారు. బుద్ధి మాత్రం కుదురుగానే ఉంది. ఈ ఉదయం పెద్ద కీర్తన ఒకటి మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా చెప్పుకొని చూసుకున్నాను. ఎవరి బలవంతమూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో నేనే వ్రాస్తున్నాను. దీనికి ముందు నేను వీలునామా ఏదీ వ్రాయలేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఊరి బడి పంతులు నేగెలి గారికి అప్పగిస్తున్నాను. ఆయనకు మాటలెక్కువ. కాని పరాయి వస్తువును ఒక్కరాత్రి కూడా తన ఇంట్లో ఉంచుకోరు. ఈ పనికి రెండో గుణం చాలు, మొదటిదాన్ని ఆ ఒక్కరోజుకు అదుపులో పెట్టుకోవలసిందిగా మనవి.

1. నా దేహాన్ని అమ్మ పక్కన పెట్టాలి. నాన్న పక్కన చోటుంది, అక్కడినుంచి సరస్సు కూడా కనిపిస్తుంది, నాకు తెలుసు. బ్రతికినన్నాళ్ళూ ఆయన పక్కనే కూర్చున్నాను, ఇక చాలు. పెట్టెకు మామూలు చెక్క వాడండి. రాయి వద్దు. పాటలు రెండు పాడండి. మూడోది మొదలుపెడితే నా తమ్ముడి భార్య మార్గ్రిట్ చేసిన కాఫీ చల్లారిపోతుంది, ఆ మాట నా తర్వాత ఏళ్ళ తరబడి వినవలసింది మీరే.

2. ఏది నాది, ఏది కాదు అన్నది ముందు తేల్చాలి.

ఇల్లు నాది కాదు. మా వైపు ఆనవాయితీ ప్రకారం తండ్రి ఇల్లు ఆఖరి కొడుక్కు వస్తుంది. మాకున్నది ఒక్క కొడుకే, వాడే ఆఖరివాడు. నా తమ్ముడు కాస్పర్. కనుక ఇల్లు, కింది వంటగది, పశువుల కొట్టం, రేవు దగ్గర అంగడి వాడివి. ఇందులో నాకు ఏ పేచీ లేదు, ఎన్నడూ లేదు.

మేడ మీది గది మాత్రం నాది. ఉత్తరం వైపు మూడు కిటికీలున్న ఆ గదిని, అందులోని పొడుగుబల్లను, అచ్చుయంత్రాన్ని, రాగిరేకులను నాన్న తన చేతులు వణకడం మొదలైన ఏడాది నాకు వ్రాసిచ్చారు. ఆ కాగితం నేగెలి గారి దగ్గర ఉంది.

ఆ గదిలో పొయ్యి లేదు. మరచిపోయి కట్టలేదనుకోకండి. పొయ్యి ఉంటే పొగ, పొగ ఉంటే ఆకాశం మురికి. చలికాలంలో చెర్రీ గింజల సంచులు కింద వంటింటి పొయ్యిలో వేడిచేసుకొని, కాళ్ళకింద పెట్టుకొని రంగులు వేశాం. వేళ్ళు కొంకర్లు పోతే నాన్న అనేవారు: "దేవుడు మంచును చలిలోనే చేశాడే, సలోమె. వెచ్చగా కూర్చుని చేయలేదు."

3. పై గదిని, బల్లను, కుంచెలను, రంగు పెట్టెలను, నాన్న చెక్కిన రాగిరేకులను, వాటినుంచి తీసి ఇంకా రంగు పడని రేఖాచిత్రాల కట్టలను, అన్నిటినీ నా చెల్లెలు కత్రీనా ఫ్లూక్‌కు, అంటే మా ట్రీనీకి, సర్వహక్కులతో ఇస్తున్నాను. ఏ షరతూ లేదు.

ఆ గదిలో ఏం జరిగేదో, ఎవరు ఏం చేసేవారో ఇక్కడ వ్రాయాలి. ఎందుకంటే ఇప్పుడు ఆ పని చేసేవారు సరస్సు చుట్టూ లేరు. ఫొటోలు వచ్చాయి. స్టీమరు దిగిన విదేశీయులు గుప్పెడు ఫొటోలు కొనుక్కుని, అదే స్టీమరెక్కి వెళ్ళిపోతున్నారు.

నాన్న కొండల్లోకి వెళ్ళి చిత్రం గీసుకొచ్చేవారు. దాన్ని రాగిరేకు మీద సన్నని గీతలుగా చెక్కి, లేత బూడిదరంగులో అచ్చు తీసేవారు. ఆ గీతల మధ్య నీటిరంగులు నింపడం మా పని. కరువు సంవత్సరంలో, ఎండాకాలం రానే రాని ఆ ఏడు, సరస్సు చుట్టుపక్కల ఆడపిల్లలందరం ఆ పనిలోకి వచ్చాం. చేలో ఏమీ పండలేదు. కొండల బొమ్మలు మాత్రం లండన్‌లో అమ్ముడుపోయాయి. కొండను చూసి మాకు ఆకలి తీరదు, వాళ్ళకు కొండను చూడాలనే ఆకలి. మేము బ్రతికింది ఆ తేడా మీదే.

బల్ల దగ్గర ఎవరి చోటు వారిది. కాగితం మొదట నా దగ్గరికి వచ్చేది, ఆకాశం నాది. తర్వాత ట్రీనీ దగ్గరికి. రాళ్ళు, దేవదారు చెట్లు, మంచు, మంచునదులు దానివి. చివర కాస్పర్. మనుషులు, ఆవులు, పాలబిందెలు వాడివి. అంతా అయ్యాక నాన్న కింద తన పేరు వేసేవారు. ఆయన పేరు తప్ప మరెవరి పేరూ ఏ కాగితం మీదా పడలేదు. అది వాడుక, దాని గురించి నేను ఏమీ అనను.

మంచు గురించి ఒక్కమాట. మంచుకు రంగు వేయం. తెల్లకాగితాన్ని అలాగే వదిలేస్తాం. చుట్టూ నీడలు దించుకుంటూ వచ్చి, మంచున్న చోట ఆగిపోతాం. ఆగడం తెలిసినవాళ్ళకే మంచు వస్తుంది. నాకు రాలేదు. నాన్నకు అంతంతమాత్రం. ట్రీనీకి పదకొండో ఏట వచ్చేసింది. అది వదిలిన మంచును చూస్తే అరచేతికి చలేసేది.

ఇక సఫేదా. సీసంతో చేసే ఆ తెల్లరంగు మా బల్ల మీద ఒక్క గిన్నెలోనే ఉండేది, అది కాస్పర్ గిన్నె. ఆవు ముఖం మీది తెలుపుకు, గొర్రెలకు, పాలకు అది లేకపోతే కుదరదు. మా ఇద్దరి గిన్నెల్లో అది ఎన్నడూ లేదు. నాన్న ఉండనిచ్చేవారు కాదు.

ఇంకో కట్టడి: వెన్న ముట్టిన చేయి కాగితం ముట్టరాదు. వెన్న తగిలినచోట నీటిరంగు నిలవదు, కాగితం పచ్చగా మారుతుంది. మాది పాడి ఉన్న ఊరు, ప్రతి చేతికీ వెన్న ఉంటుంది. అందుకే మెట్ల దగ్గర బూడిదనీళ్ళ తొట్టి పెట్టారు. మోచేతులదాకా తోముకొని ఎక్కాలి. అతిథులు కూడా. ఒకసారి వచ్చిన మతబోధకుడి చేత కూడా నాన్న చేతులు కడిగించారు. ఆయన నవ్వుతూ, "దేవుడి గుడిలోకైనా ఇంత శుభ్రంగా వెళ్ళలేదయ్యా, యోహాన్!" అన్నారు.

4. నా చెర్రీ గింజల సంచి, ఊలు శాలువ, కాఫీ మర మార్గ్రిట్‌కు. కాఫీ మర ఇప్పటికే ఆమె వంటింట్లో తొమ్మిదేళ్ళుగా ఉంది. "రేపు ఇచ్చేస్తా వదినా" అని తీసుకెళ్ళింది. ఇక రేపటి గురించి ఆమె బెంగపడనక్కర్లేదు. నా జబ్బులో ఆమె పెట్టిన సూప్ మంచిది, ఉప్పు తక్కువైనా.

5. మంచునది చిత్రాలు, ఒకే బండమీద కూర్చుని నాన్న వేర్వేరు ఏళ్ళలో వేసినవి, బడికి. వాటిని వరసగా గోడకు వేలాడదీయాలి. నా చిన్నతనంలో ఆ మంచు పశువుల కొట్టాలవైపు జరిగి వస్తుంటే, ఊరంతా పైకి వెళ్ళి ఆపమని ప్రార్థించారు. అమ్మ చేయి పట్టుకొని నేనూ వెళ్ళాను. ఇప్పుడది వెనక్కి పోతోంది. ఏళ్ళక్రితం జెనీవానుంచి ఒక పండితుడు వచ్చి, ఈ చిత్రాలన్నీ నేలమీద పరిచి, "అద్భుతం! అద్భుతం!" అంటూ కొలతలు తీసుకున్నాడు. తన పుస్తకంలో కొలతలు వేసుకున్నాడట, నాన్న పేరు వేయలేదు. నేగెలి గారు పిల్లలకు ఆ పేరు చెప్పాలి. ఆకాశం ఎవరిదో, మంచు ఎవరిదో కూడా చెప్తే సంతోషం.

6. కొండమేక హోటలు యజమాని మాట్టి గారికి నా గొడుగు. వర్షంలో అతిథులను రేవుదాకా తడిపి పంపుతారని వింటున్నాను. ఆయన మీద నాకున్న కోపం ఇక్కడితో సరి. అదేమిటో కింద వస్తుంది.

7. బీరువా వెనక, ముఖం గోడవైపు తిప్పి పెట్టిన పెద్ద చిత్రం ఒకటుంది. వెట్టర్‌హోర్న్ కొండ, తెల్లవారుజామున. దాన్ని ట్రీనీకి ఇస్తున్నాను. ఈ వీలునామాలో నేను నిజంగా వ్రాయదలచుకున్నది ఈ అంశం ఒక్కటే. మిగతావి దీనికోసం వచ్చాయి.

ఆ చిత్రం మాట్టి గారు తన హోటల్లో భోజనశాల గోడకు వేయించుకున్నది. మేము అంత పెద్దది ఎన్నడూ వేయలేదు. నాన్న దాన్ని చెక్కకుండా నేరుగా గీశారు. నేను ఆకాశం వేశాను. వేసి, తూన్ ఊళ్ళో మంచాన పడిన మా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోయాను. ట్రీనీ మంచు వదిలింది. కాస్పర్ ఆవులు వేశాడు. నేను తిరిగి వచ్చేసరికి దాన్ని గోడకు ఎక్కించేశారు. అతిథులు ఫోర్కులు పక్కన పెట్టి మరీ చూసేవారు.

నాలుగు చలికాలాలు గడిచాక కొండ నుదుటిమీద నల్లమచ్చ తేలింది. బొటనవేలంత. మొదట ఈగ అనుకున్నారు. తుడిస్తే పోలేదు. వారం వారం నల్లబడింది. అతిథులు నవ్వడం మొదలుపెట్టారు. మాట్టి గారు ఆ చిత్రాన్ని బండిలో వేయించుకొని మా గుమ్మంలోకి వచ్చి, వీధి వీధంతా వినేలా అన్నారు: "యోహాన్ గారూ, మీ కొండ మీద కాకి వాలింది. తోలండి. తోలడం రాకపోతే ఇంకెప్పుడూ నా హోటలుకు కొండలు పంపకండి!"

నేను అప్పుడూ ఊళ్ళో లేను, పెద్దమ్మ అంత్యక్రియలకు వెళ్ళాను. తర్వాత విన్నది వ్రాస్తున్నాను. ముగ్గురి నోట విన్నాను, ముగ్గురూ ఒకటే చెప్పారు.

నాన్నకు చూపు అప్పటికే మందగించింది. మచ్చమీద వేలు పెట్టి, ట్రీనీ వైపు తిరిగి, "మంచు నీది. మచ్చా నీదే," అన్నారు.

ట్రీనీ, "నేను మంచు ముట్టుకోలేదు నాన్నా," అంది.

అంతే అంది. కుంచెలు కడిగింది, ఆరబెట్టింది, వరసలో పెట్టింది. మెట్లు దిగి, ఆ సాయంత్రమే మాట్టి గారి హోటల్లో బట్టలుతికే పనికి కుదిరింది. దయతో ఇచ్చానని ఆయన చెప్పుకొనేవారు. అతిథులు వింటుండగా, "ఈమె దుప్పట్లు తెల్లగా ఉతుకుతుంది, కొండను మాత్రం నల్లగా ఉతికింది," అనేవారు. రేవులో బట్టలు పిండే ఆడవాళ్ళు మరీనూ: "ఏమే ట్రీనీ, ఇవాళ ఎన్ని మచ్చలు పెట్టావే?" పదకొండేళ్ళుగా ఆ మాట పడుతోంది. పదకొండేళ్ళుగా కుంచె పట్టలేదు.

చేతిపని తెలిసినవారెవరైనా ఆ చిత్రాన్ని చూస్తే చాలు. తెల్లకాగితం నల్లబడదు. నల్లబడేది సఫేదా. బొగ్గు పొయ్యి ఉన్న గదిలో, దీపాల గాలికి, సీసం నల్లగా తిరుగుతుంది. తూన్‌లో మందులు కలిపే ఆయన నాకిది రెండు మాటల్లో చెప్పారు. ట్రీనీ మంచు మీద సఫేదా ఎవరో పెట్టారు. ఎందుకు పెట్టారన్నది, చిత్రాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుంటే తెలుస్తుంది. మచ్చచుట్టూ వెన్న మరక వెలుతురులో మెరుస్తుంది. పెద్ద బొటనవేలు. ఆ చిత్రం పూర్తయి బల్లమీద ఆరుతున్న రోజు పైకొండ మీద జున్ను పంపకం. వేసవంతా పైన మేసిన ఆవుల జున్నూ వెన్నా ఇంటింటికీ పంచే రోజు. మా ఇంటి వాటా తేవడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు వెన్న రొట్టె తినకుండా రారు. ఎగుడుదిగుడు దారిలో అంత బరువు మోసుకొని దిగి, వేసిన చిత్రాన్ని ఒక్కసారి చూసుకోవాలన్న ఆత్రంలో, తొట్టి దగ్గర ఆగడం మరచిపోవచ్చు. ఎవరైనా మరచిపోవచ్చు. తర్వాత భయం వేస్తుంది. భయం వేసినవాడు దగ్గరున్న గిన్నె అందుకుంటాడు.

అది పాపం అని నేననుకోవడం లేదు. వెన్న చేయి. అంతే.

నేను ట్రీనీని అడిగాను. ఉతికే రాళ్ళ దగ్గర, చుట్టూ ఎవరూ లేనప్పుడు. అది తల ఎత్తకుండానే చెప్పింది: "నాకు తెలుసు అక్కా. ఆ రోజే గిన్నెవైపు చూశాను. కాని అప్పుడే వాడికి పెళ్ళి కుదిరింది కదా, మాట్టి గారి మేనకోడలితో. నేను నోరు విప్పితే ఆ పిల్ల వస్తుందా? నాన్న ఇంట్లో ఉండనిచ్చేవాడా? నువ్వూ చెప్పకు. నోరున్నవాడే కదా, ఏదో ఒకరోజు వాడే చెప్తాడు."

నా దగ్గర మాట తీసుకుంది. నాన్న బ్రతికున్నన్నాళ్ళు చెప్పనని ఇచ్చాను. నాన్న పోయారు. అప్పుడు వెళ్ళి, "ఇక ఇంటికి రావే, గది నాది, నేను పిలుస్తున్నాను," అన్నాను. అది దుప్పటి పిండుతూ, "మచ్చ నాదన్న ఇంటి మెట్లు నేనెక్కను అక్కా. ఆ మాట అన్న నాన్న పోయాడు గాని, మాట ఇంకా అక్కడే ఉంది," అంది.

ఆ చిత్రం హోటలుకు తిరిగి వెళ్ళి, మాట్టి గారి మెట్ల కింద చీపుళ్ళ మధ్య పడి ఉండేది. ఒకరోజు అడిగితే, "తీసుకుపోండమ్మా, చీపుళ్ళకైనా చోటు దొరుకుతుంది," అని ఇచ్చేశారు. అప్పటినుంచి నా దగ్గరుంది.

8. మూడో అంశంలో ఇచ్చిన గదిని ట్రీనీ తీసుకోకపోతే ఏమవుతుందో కూడా వ్రాయమని తూన్ నుంచి వచ్చిన నోటరీ గారు అంటున్నారు. చట్టం ప్రకారం, నేను పోయాక ఏడాదిలోగా అది మెట్లెక్కి తాళం తీసుకోకపోతే, ఆ గది ఇంటితో కలిసి కాస్పర్‌కు పోతుంది.

గది కాస్పర్‌కు కావాలి. దాచుకోవలసిన కోరిక కాదది. వాడు ఫొటోలు తీస్తాడు, ఉత్తరపు వెలుతురు వాడికీ అవసరం. పైకప్పు తీసి అద్దాలు వేయించాలని ఉంది వాడికి. అద్దపు పలకల పెట్టెలు ఇప్పటికే మెట్లమీద పేర్చాడు. డాక్టరు గారు పక్కకు తిరిగి, పీతలా ఎక్కుతున్నారు. ఈ ఇంటిని ఇన్నాళ్ళూ నిలబెట్టింది వాడి ఫొటోలే, నా ఆకాశాలు కాదు. నాన్న రంగులు చివరి ఏళ్ళలో ఎవరూ కొనలేదు. ఆ సంగతి ఆయనకు తెలియనివ్వకుండా, అమ్ముడుపోయాయని చెప్పి, కట్టలు కట్టి అంగట్లో బల్ల కింద దాచింది కాస్పరే. ఇప్పుడు మంచం మీదినుంచి కిటికీదాకా నన్ను ఎత్తుకెళ్ళి కూర్చోబెడుతున్నది కూడా వాడే. "ఏం పెద్దక్కా, పాలబిందె కంటే తేలికైపోయావు," అంటాడు.

కనుక ఎవరూ వాడిని చెడ్డవాడనకండి. చెడ్డవాడైతే నేను ఈ అంశాలు వ్రాయను, తాళం మార్పించేదాన్ని.

9. అల్మారా పై అరలో నల్లగుడ్డ చుట్టిన చిన్న సీసా ఉంది. తూన్‌లో మందులు కలిపే ఆయన ఇచ్చింది. ఆ నీటిని సన్నకుంచెతో మచ్చమీద రాస్తే నలుపు విరిగి తెల్లబడుతుందట. ఎక్కువకాలం నిలవ ఉండదట. ఆ సీసాను నేను ఎవరికీ వ్రాయడం లేదు. నేనూ తెరవలేదు. మచ్చను తీయడం నా పని కాదనిపించింది.

10. నా తమ్ముడు కాస్పర్ ఫ్లూక్‌కు ఈ వీలునామా ద్వారా ఏమీ ఇవ్వడం లేదు.

ఇది కోపంతో కాదు. నాన్న చేతికర్ర, అమ్మ పాటలపుస్తకం నిన్ననే వాడి చేతికిచ్చాను. బ్రతికుండగా ఇచ్చినవి వీలునామాలోకి రావు. ఇందులో వాడికి పూచికపుల్ల కూడా ఇవ్వకపోవడానికి కారణం చట్టమే. వీలునామా వల్ల లాభం పొందేవారు దానికి సాక్షి కారాదు. నాకు వాడు సాక్షిగా కావాలి.

చట్టానికి కావలసిన సాక్షులు ఇద్దరు. వాళ్ళను పిలిచాను, కింద వారి పేర్లున్నాయి. కాస్పర్ మూడోవాడు, నా కోరిక మీద. తోడబుట్టినవాడు సాక్షి ఏమిటని నోటరీ గారు తల గోక్కున్నారు. ఎనిమిదో అంశం వల్ల వాడికి గది దక్కవచ్చు కదా, అది లాభం కాదా అని కూడా అడిగారు. మంచి ప్రశ్నే. ఇద్దరు ఉన్నాక మూడోవాడి వల్ల చట్టానికి నష్టం లేదన్నాను. లాభం సంగతి వాడే చూసుకుంటాడన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

సంతకాలకు ముందు దీన్ని నేగెలి పంతులుగారు మొదటినుంచి చివరిదాకా బిగ్గరగా చదువుతారు. కాస్పర్ నా మంచం పక్కన కూర్చుని వింటాడు. మధ్యలో లేచి వెళ్ళాలనుకుంటే వెళ్ళవచ్చు. ఎవరూ ఆపకండి, తర్వాత ఏమీ అడగకండి. నేనూ ఇన్నేళ్ళలో వాడిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. తమ్ముణ్ణి నిలదీసి నిజం రాబట్టడం నాకు చేతకాదు. వాడికోసం రోజూ ప్రార్థించడమే చేతనైంది.

వాడు సంతకం మాత్రమే చేసి ఊరుకున్నా ఈ వీలునామా చెల్లుతుంది. అప్పుడు ట్రీనీ మెట్లెక్కదు, ఏడాది తిరుగుతుంది, గదికి అద్దాలు వస్తాయి. అలా జరిగితే వాడిని శపించను. కాని ఆ అద్దాల్లోనుంచి వచ్చే వెలుతురు వాడికి ఎలా కనిపిస్తుందో నాకు తెలియదు.

సాక్షుల పేర్ల కింద కొంత కాగితం ఖాళీగా వదిలాను. నోటరీ గారు దాన్ని అడ్డంగా గీత కొట్టి మూసేయాలన్నారు, లేకపోతే ఎవరైనా ఏదైనా వ్రాయవచ్చునట. వద్దన్నాను. మా ఇంట్లో ఖాళీ కాగితాన్ని గీత కొట్టి పాడుచేయం.

నాకున్నది ఇంతే. చేసిన ఆకాశాలు లెక్కపెట్టలేదు. పోయేచోట ఇంకొకటి వేయనిస్తారేమో చూడాలి. ఈ కాగితం చదివిన ప్రతివారినీ దేవుడు కాచుగాక. ముఖ్యంగా నా పక్కన కూర్చుని విన్నవాడిని.

పద్దెనిమిది వందల అరవై నాలుగు, అక్టోబరు ఇరవై ఆరు, బుధవారం, పగటివెలుతురులో, ఎబ్లీగన్‌లోని పై గదిలో వ్రాసి, చదివించి, సంతకం చేశాను.

సలోమె ఫ్లూక్

మొదటి సాక్షి: మెల్షియోర్ స్టేలి, రేవులో పడవ నడిపేవాడు. చదవగా విన్నాను.

రెండవ సాక్షి: పేటర్ బ్లాటర్, కొయ్యబొమ్మలు చెక్కేవాడు. చదవగా విన్నాను.

మూడవ సాక్షి: కాస్పర్ ఫ్లూక్. చదవగా విన్నాను. లేచి వెళ్ళలేదు.

ఆ జున్ను పంపకం రోజు నేను చేతులు కడుక్కోకుండా పైకెక్కాను. వేలు నాది. సఫేదా నాది. చిన్నక్క మంచు ముట్టుకోలేదు. మాట్టి గారికి ఇది నేనే చెప్తాను, ఈ ఆదివారం, చర్చి బయట, అందరి ముందు. మార్గ్రిట్‌కు ఇప్పుడు కిందికి వెళ్ళగానే చెప్తాను.

పెద్దక్కా, సీసా తెరవను. మచ్చ అలాగే ఉండనీ, దాని కింద నా పేరు వేస్తాను.

మెట్లమీది పెట్టెలు దించేస్తున్నాను. తొట్టిలో బూడిదనీళ్ళు పోయిస్తాను. రా, చిన్నక్కా.